తాళంచెవి గుర్తు కనిపించినంత మాత్రాన...

వీపీఎన్ అంటే సాధారణంగా మీ నెట్ రాకపోకలని ఇంకో సర్వర్ మీదుగా తిప్పి పంపే ఏర్పాటు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో దాని యాప్ వేసుకుని మొదటిసారి కనెక్ట్ నొక్కగానే ఒక చిన్న పెట్టె పైకొస్తుంది. ఫలానా యాప్ వీపీఎన్ కనెక్షన్ పెట్టుకోవాలనుకుంటోంది, దానివల్ల మీ నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని గమనించే వీలు దానికి దొరుకుతుంది, నమ్మకం ఉంటేనే ఒప్పుకోండి అని అందులో ఉంటుంది. వీపీఎన్ నడుస్తున్నంతసేపూ స్క్రీన్ పైభాగంలో తాళంచెవి గుర్తు కనిపిస్తుందని ఇంకో ముక్క. ఇది ఆగి చదివినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. నేనూ చాలా ఏళ్లు చదవలేదు, వేలు దానంతటదే ఓకే మీదకి పోయేది. తీరా చదివాక అనిపించింది, వీపీఎన్ గురించి ఇంత నిజాయితీగా, ఇంత క్లుప్తంగా చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరని. అమ్మేవాళ్ల ప్రకటనల్లో అయితే ఈ మాట భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

ఓకే నొక్కాక జరిగేది ఇదీ. ఫోన్ లోపల ఒక ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు తయారవుతుంది. బ్రౌజర్, మెయిల్, చాట్, ఏ యాప్ ఏ ప్యాకెట్ (డేటా ముక్క) పంపినా అది నేరుగా సిమ్ దారినో వైఫై దారినో పోకుండా ముందు ఈ కార్డుకి చేరుతుంది, అక్కణ్ణుంచి వీపీఎన్ యాప్ చేతిలో పడుతుంది. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో మామూలు యాప్‌లకి కూడా ఈ వీలు వచ్చింది. చేతిలో పడ్డ ప్యాకెట్లని ఆ యాప్ ఏం చేస్తుందన్నది ఫోన్‌కి అనవసరం. తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి, ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపొచ్చు. ప్రకటనల సర్వర్లకి పోయేవి ఏరి పారేసి మిగతావి వదిలేయొచ్చు. ఫోన్‌లో వేసుకునే యాడ్ బ్లాకర్లు, ఫైర్‌వాల్ యాప్‌లు చాలావరకు చేసేది ఇదే, వాటికి బయట సర్వర్ అంటూ ఉండనక్కర్లేదు. లేదా ఎవరు ఎక్కడికి పోతున్నారో రాసుకుని మరీ సాగనంపొచ్చు. ఏం చేసినా పైన కనిపించే తాళంచెవి ఒకటే. మీ నెట్ రాకపోకలన్నీ ఒక యాప్ చేతిలో పెట్టారు అని మాత్రమే దాని అర్థం. భద్రంగా ఉన్నారని కాదు, ఎవరికీ కనిపించట్లేదని కాదు, ఆఖరికి నెట్ పనిచేస్తోందని కూడా కాదు. ఈ ఆఖరిదాని వల్ల నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను, అక్కడికీ వస్తాను.

ఇంతకీ ఈ తతంగమంతా దేనికి? మామూలుగా ఫోన్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్యలో సిమ్ కంపెనీ ఉంటుంది, లేదా వైఫై పెట్టినవాళ్లు ఉంటారు. వాళ్లకి ఏం కనిపిస్తుందన్నది అసలు ప్రశ్న. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌లోనే, అంటే మీకూ సైట్‌కీ మధ్య మాటలకి తాళం వేసే పద్ధతిలోనే, నడుస్తున్నాయి కాబట్టి మీ పాస్‌వర్డ్, మీరు రాసిన మెసేజ్, చూసిన పేజీ లోపలి సరుకు మధ్యవాళ్లకి కనిపించవు. ఊరూపేరూ లేని వైఫైకి కనెక్ట్ అయితే పాస్‌వర్డులు పోతాయన్న పాత భయం పూర్తిగా పోలేదు గానీ చాలా తగ్గింది. వాళ్లకి ఇంకా కనిపించేవి వేరే ఉన్నాయి. సైట్ పేరుని అడ్రస్‌గా మార్చమని ఫోన్ అడిగే డీఎన్ఎస్ ప్రశ్న చాలా సందర్భాల్లో బాహాటంగానే పోతుంది. హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు కూడా సైట్ పేరు సాధారణంగా తాళం లేకుండానే వెళ్తుంది. అంటే మీరు ఏ ఆస్పత్రి సైట్‌లో ఏ పేజీ చదివారో తెలియదు, ఆ ఆస్పత్రి సైట్‌కి వెళ్లారని, ఎప్పుడు వెళ్లారని, ఎంతసేపున్నారని మాత్రం తెలుస్తుంది.

వీపీఎన్ పెడితే ఈ సమాచారం సిమ్ కంపెనీకి అందదు. వాళ్లకి కనిపించేదల్లా ఒకే ఒక్క సర్వర్‌తో ఎడతెగకుండా సాగుతున్న, అర్థంకాని మాటల మూట. కానీ ఆ సమాచారం మాయమైపోలేదు. ఈ తాళం వేసిన దారినే సొరంగం (టన్నెల్) అంటారు, దాని అవతలి కొసన మూట విప్పేది వీపీఎన్ కంపెనీ. ఇంతకుముందు సిమ్ కంపెనీ ఎక్కడ నిలబడి చూసేదో ఇప్పుడు అక్కడ వీళ్లు నిలబడ్డారు. చూసే కన్ను మారింది, పోలేదు.

ప్రాక్సీ దీనికి దూరపు చుట్టం. మీ బదులు ఇంకొకరు వెళ్లి పేజీ తెచ్చిపెట్టడం, అంతకుమించి ఏమీ లేదు. వెబ్‌సైట్‌కి మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ చిరునామా) కాకుండా ప్రాక్సీది కనిపిస్తుంది. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి లోపలికి వెళ్తే అడ్వాన్స్‌డ్‌లో ప్రాక్సీ అనే వరస ఉంటుంది. ఏదీ వద్దు, మాన్యువల్, ఆటో అని మూడు. మాన్యువల్ ఎంచుకుంటే సర్వర్ పేరు, పోర్టు (సర్వర్‌లో ఏ తలుపు తట్టాలో చెప్పే అంకె) అడుగుతుంది. 8080, 3128 లాంటి అంకెలు ఇక్కడ తరచూ కనిపిస్తాయి. ఐఫోన్‌లో కూడా వైఫై పేరు పక్కనున్న గుండ్రటి గుర్తు నొక్కితే ఇదే వస్తుంది. మొబైల్ డేటాకి వేరే చోటు, సిమ్ కంపెనీ నెట్‌కి కలిపే ఏపీఎన్ సెట్టింగుల్లో. అక్కడున్న ప్రాక్సీ, పోర్టు గడులు పాత బటన్ల ఫోన్లలో వ్యాప్ పేజీలు చూసుకునే కాలం నాటివి, ఇప్పుడు వాటిని ఖాళీగా వదిలేస్తే మంచిది.

మాన్యువల్ ఎంచుకోగానే ఆండ్రాయిడ్ ఇక్కడ కూడా ఒక నిజం చెప్తుంది, మళ్లీ ఎవరూ చదవరు. ఈ ప్రాక్సీని బ్రౌజర్ వాడుకుంటుంది, మిగతా యాప్‌లు వాడకపోవచ్చు అని. ఇదే పెద్ద తేడా. వీపీఎన్ ఫోన్ వీధి గుమ్మం దగ్గర కూర్చుంటుంది, ఎవరు బయటికి పోవాలన్నా దాని ముందునుంచే పోవాలి. ప్రాక్సీ అన్నది ఇటునుంచి వెళ్లండి అని గోడకి అంటించిన కాగితం. చదివి పాటించే యాప్ పాటిస్తుంది, లేనిది తన దారిన తాను పోతుంది. పైగా ప్రాక్సీ తనంతట తాను ఏ తాళమూ వేయదు. 1996లో ప్రమాణంగా వచ్చిన సాక్స్5 అనే ప్రాక్సీ పద్ధతి వెబ్ పేజీలే కాకుండా ఇతర రకాల ట్రాఫిక్‌నీ మోస్తుంది గానీ, అందులోని మామూలు లాగిన్ పద్ధతిలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ విప్పిన ఉత్తరంలా పోతాయి. టెలిగ్రామ్ లాంటి యాప్‌లకి సొంత సెట్టింగుల్లోనే ప్రాక్సీ పెట్టుకునే వీలుంది, 2023 జనవరిలో వాట్సాప్ కూడా ఇచ్చింది. ఒక్క యాప్ కోసమే అయితే ఈ దారి హాయి, ఫోన్ మొత్తాన్ని తిప్పక్కర్లేదు.

ఇక్కడ జనం గందరగోళపడటంలో తప్పులేదు. 2012లో వచ్చిన షాడోసాక్స్ లాంటివి నిజానికి ఎన్‌క్రిప్షన్ తగిలించిన ప్రాక్సీలు. కానీ ఫోన్‌లో వాటి యాప్‌లు అన్ని యాప్‌లనీ ఆ ప్రాక్సీలోకి తోలడానికి వీపీఎన్ అనుమతినే వాడుకుంటాయి. కాబట్టి ప్రాక్సీకి కూడా తాళంచెవి గుర్తే వస్తుంది. పేరు చూసి ఏది ఏదో చెప్పలేం. అడగాల్సిన ప్రశ్నలు రెండు: ఫోన్‌లో ఏమేం దీనిలోంచి పోతున్నాయి, దారిలో తాళం ఉందా లేదా.

ఇక వీపీఎన్ పెట్టుకోవడం. కంపెనీ యాప్ అయితే లాగిన్ అయ్యి బటన్ నొక్కడమే, చెప్పేదేం లేదు. లోపల ప్రోటోకాల్ (సొరంగం కట్టే పద్ధతి) ఎంచుకోమని అడిగితే వైర్‌గార్డ్ పెట్టుకోండి, అది లేకపోతే ఐకేఈవీ2. ఈ రెండూ వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినప్పుడు కనెక్షన్ తెగకుండా నిలబెట్టగలవు, ఫోన్‌కి కావాల్సింది అదే. 2001 నుంచి ఉన్న ఓపెన్‌వీపీఎన్ కాస్త బరువు, కానీ మొండిది. మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టులోంచి, టీసీపీ అనే రవాణా పద్ధతి మీద కూడా నడుస్తుంది కాబట్టి మిగతావన్నీ ఆగిపోయే వైఫైలో అది పనికొస్తుంది. పీపీటీపీ అనే పాత ప్రోటోకాల్ కనిపిస్తే వదిలేయండి. దాని లాగిన్ పద్ధతిని బద్దలుకొట్టొచ్చని 2012లోనే చేసి చూపించారు. ఐఓఎస్ 10తో ఆపిల్ దాన్ని తీసేసింది, ఆండ్రాయిడ్ 12 నుంచి కొత్తగా పెట్టుకునే వీలు పోయింది.

సొంత సర్వర్‌కో, ఇంటి రౌటర్‌కో, ఆఫీసుకో కనెక్ట్ అవ్వాలంటే మాత్రం కాన్ఫిగ్ ఫైల్ (సెట్టింగులన్నీ రాసిన ఫైల్) చూడాల్సిందే. వైర్‌గార్డ్‌ది ఎనిమిది పది వరసలు, అంతే. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన ఈ ప్రోటోకాల్ 2020 మార్చిలో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ 5.6లో చేరింది, లైనక్స్‌లో దాని కోడ్ సుమారు నాలుగు వేల వరసలేనని చెప్పుకుంటారు. ఫైల్‌లో రెండు భాగాలుంటాయి. పై భాగం మీ ఫోన్‌ది: మీ ప్రైవేట్ కీ (ఎవరికీ ఇవ్వకూడని రహస్య కీ), సొరంగంలో మీ అడ్రస్, ఏ డీఎన్ఎస్ వాడాలి. కింది భాగం అవతలివాళ్లది: వాళ్ల పబ్లిక్ కీ (ప్రైవేట్ కీకి జతగా ఉండి ఎదుటివాళ్లకి ఇచ్చేది), సర్వర్ అడ్రస్, పోర్టు, అలౌడ్ ఐపీస్ (ఏ అడ్రసులకి పోయేవి సొరంగంలో పోవాలో చెప్పేది). ఈ చివరి వరసలోనే ఉంది కిటుకంతా. అక్కడ 0.0.0.0/0, ::/0 అని రెండూ రాస్తే ఫోన్ ట్రాఫిక్ మొత్తం సొరంగంలో పోతుంది. మొదటిది మాత్రమే రాసి రెండోది మరిచిపోతే, పాతకాలపు ఐపీవీ4 అడ్రసులకి పోయేవి సొరంగంలోంచి, కొత్త ఐపీవీ6 అడ్రసులకి పోయేవి బయటనుంచి పోయే ప్రమాదం ఉంది. మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 వాడకం ఎక్కువ కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు. అదే, ఇంట్లో ఉన్న కెమెరానో ఫైళ్ల డబ్బానో చేరితే చాలు అనుకుంటే 192.168.1.0/24 అని ఇంటి నెట్‌వర్క్ మాత్రమే రాసుకోవచ్చు, మిగతా నెట్ ఎప్పటిలా నడుస్తుంది.

నా సాయంత్రం పోయింది ఇక్కడే. ఫైల్ చేత్తో రాశాను, ఆన్ చేశాను. తాళంచెవి వచ్చింది. ఎర్రర్ లేదు, బీప్ లేదు. బ్రౌజర్ మాత్రం తిరుగుతూనే ఉంది. సర్వర్ రీస్టార్ట్ చేశాను, ఫైర్‌వాల్ తీసి మళ్లీ పెట్టాను, పోర్టు మార్చాను, సిమ్ కంపెనీని మనసులో నాలుగు తిట్టుకున్నాను. చివరికి యాప్‌లో టన్నెల్ పేరు నొక్కి కిందికి జరిపితే ట్రాన్స్‌ఫర్ అనే వరస కనిపించింది. వచ్చింది 0 బైట్లు, పోయింది 1.45 కేబీ. చూస్తుండగానే ఐదు సెకన్లకోసారి పోయేది ఇంకాస్త పెరుగుతోంది, వచ్చేది మాత్రం సున్నా దగ్గరే. లెక్క వేస్తే విషయం తెలిసింది. వైర్‌గార్డ్ మొదట తలుపు తట్టే సందేశం 148 బైట్లు, జవాబు రాకపోతే ఐదు సెకన్లకి మళ్లీ తడుతుంది. పదిసార్లు తట్టింది, ఎవరూ పలకలేదు. సర్వర్ పబ్లిక్ కీ పెట్టాల్సిన చోట నా ఇంకో పరికరం పబ్లిక్ కీ అతికించాను. వైర్‌గార్డ్ సర్వర్ తనకి తెలిసిన కీతో తట్టనివాళ్లకి తప్పు అని కూడా చెప్పదు, అసలు అక్కడ ఎవరూ లేనట్టే ఊరుకుంటుంది. దాన్ని అలాగే తయారుచేశారు, స్కాన్ చేసేవాళ్లకి దొరక్కుండా. ఫోన్ వైపు చూస్తే ఉత్తుత్తి కార్డు తయారైంది కాబట్టి తాళంచెవి వచ్చేసింది. అప్పట్నుంచి నేను గుర్తుని చూడ్డం మానేసి ఆ రెండు అంకెలు చూస్తాను.

ఆ యాప్ గురించే ఇంకో రెండు ముక్కలు. ఒకే ఫైల్ ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ పెట్టకండి. ఒక కీ ఎక్కణ్ణుంచి ఆఖరిసారి మాట్లాడిందో సర్వర్ జవాబులు అక్కడికే పంపుతుంది, రెండు పరికరాలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ రెండింట్లోనూ నెట్ వచ్చీపోతూ ఉంటుంది. పరికరానికో కీ చేయించుకోవాలి. రెండోది, ఫోన్ గడియారం. బ్యాటరీ పూర్తిగా పోయి తేదీ వెనక్కి వెళ్లిందంటే, పాత సందేశాన్ని ఎవరో మళ్లీ పంపుతున్నారనుకుని సర్వర్ పట్టించుకోదు.

కనెక్ట్ అయ్యాక అసలు సెట్టింగులు మొదలవుతాయి. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో వీపీఎన్ పేరు పక్కనున్న చక్రం నొక్కితే, యాప్ దానికి ఒప్పుకునేదైతే, రెండు స్విచ్‌లు ఉంటాయి: ఎప్పుడూ ఆన్‌లో ఉంచు, వీపీఎన్ లేకపోతే నెట్ ఆపు. రెండోది వేయకపోతే సొరంగం తెగిన క్షణం నుంచి ఫోన్ చడీచప్పుడు లేకుండా మామూలు దారిలోకి వెళ్లిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. వేస్తే సొరంగం తెగినప్పుడు నెట్ ఆగిపోతుంది. చికాకే గానీ, దాపరికం కోసం పెట్టుకున్నవాళ్లు ఆ చికాకుని భరించాల్సిందే. బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లని చంపేసే ఫోన్లలో వీపీఎన్ యాప్‌కి మినహాయింపు ఇవ్వడం మరిచిపోవద్దు. బ్యాంక్ యాప్ మొరాయిస్తే వీపీఎన్ మొత్తం తీసేయక్కర్లేదు, స్ప్లిట్ టన్నెలింగ్ అనే సెట్టింగులో ఆ ఒక్క యాప్‌నీ సొరంగం బయట పెట్టేస్తే సరిపోతుంది. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు: మీ ఫోన్‌లో వీపీఎన్ ఉన్నా, హాట్‌స్పాట్ పెట్టుకున్న ల్యాప్‌టాప్ సాధారణంగా దాని బయటనుంచే పోతుంది.

కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని సగంలో ఆగిపోతాయి, ఫొటోలు అప్‌లోడ్ కావు అంటే ఎంటీయూని, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో చెప్పే అంకెని, అనుమానించండి. ప్రతి ప్యాకెట్‌నీ ఇంకో కవరులో పెట్టడంతో దాని సైజు పెరుగుతుంది. వైర్‌గార్డ్‌లో ఐపీవీ4 మీద 60 బైట్లు, ఐపీవీ6 మీద 80. దారిలో ఏదో ఒక చోట ఆ కవరు పట్టదు. ఎంటీయూని 1280కి తగ్గించి చూస్తే చాలాసార్లు బాగుపడుతుంది. ఈ అదనపు కవరు వల్లే వీపీఎన్‌తో డేటా కాస్త ఎక్కువ ఖర్చవుతుంది.

ఆ మాట వచ్చింది కాబట్టి, వీపీఎన్‌తో ఫ్రీ నెట్ అని తిరిగే కాన్ఫిగ్ ఫైళ్ల గురించి. వీపీఎన్ డేటాని పుట్టించదు, ఉన్న డేటా మీదే నడుస్తుంది. ఆ ఫైళ్లు చేసేది వేరు. సిమ్ కంపెనీ లెక్కలోకి తీసుకోని ఏదో ఒక సైట్ పేరు పైన అంటించి, కింద మీ ట్రాఫిక్ పంపి, లెక్కగట్టే యంత్రాన్ని బోల్తా కొట్టించడం. అది మోసం కిందికొస్తుంది, సిమ్ ఆగిపోవచ్చు, అదంతా పక్కన పెట్టినా నన్ను ఆపేది ఇంకో సంగతి. ఆ ఫైల్ చివర ఉన్న సర్వర్ ఎవరిది? ముక్కూమొహం తెలియనివాళ్లు మీ ఫోన్ మొత్తం ట్రాఫిక్‌ని సొంత ఖర్చుతో మోయడానికి ఎందుకు ముందుకొచ్చారు?

ఉచిత యాప్‌లకీ ఇదే ప్రశ్న. 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓకి చెందిన పరిశోధకులు మరికొందరితో కలిసి వీపీఎన్ అనుమతి వాడే 283 ఆండ్రాయిడ్ యాప్‌లని పరీక్షించారు. 18 శాతం యాప్‌ల సొరంగాల్లో ఎన్‌క్రిప్షనే లేదు. 38 శాతంలో మాల్వేర్ ఆనవాళ్లు. 84 శాతం ఐపీవీ6 ట్రాఫిక్‌ని బయటికి వదిలేశాయి. ఫేస్‌బుక్ 2013లో కొనుక్కున్న ఒనావో అనే వీపీఎన్ యాప్ జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఆ కంపెనీకి చెప్పేది. ఆపిల్ అభ్యంతరం పెట్టాక 2018లో యాప్ స్టోర్ నుంచి తీసేశారు. హోలా అనే ఉచిత వీపీఎన్ కథ ఇంకా విచిత్రం. ఉచితంగా వాడుకునేవాళ్ల పరికరాలనే ఇతరులకి దారిగా అమ్ముతోందని 2015లో బయటపడింది. అంటే మీ ఐపీ అడ్రస్ మీద ఎవరో ఏదో చేసుకుంటున్నారు.

డబ్బు కడితే అన్నీ సర్దుకుంటాయా అంటే అదీ కాదు. నో లాగ్స్ (మీరు ఎక్కడికి పోయారో మేం రాసిపెట్టుకోం) అని అందరూ రాసుకుంటారు, పరీక్ష ఎదురైనప్పుడే తేలుతుంది. 2011లో ఒక హ్యాకింగ్ కేసులో హైడ్ మై యాస్ అనే వీపీఎన్ కంపెనీ దగ్గరున్న లాగ్‌లు కోర్టు ఆదేశం మీద పోలీసులకి చేరాయి. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సోదా వారెంట్‌తో ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకి వెళ్లి, తీసుకెళ్లడానికి కస్టమర్ల సమాచారం ఏదీ లేక వట్టి చేతులతో తిరిగొచ్చారు. నా వరకూ నేను స్వతంత్ర ఆడిట్ నివేదిక బయటపెట్టినవాళ్లని, యాప్ కోడ్ బయటపెట్టినవాళ్లని ముందు చూస్తాను. సర్టిఫికెట్ (ఏ సైట్ అసలుదో ఫోన్‌కి చెప్పే గుర్తింపు పత్రం) ఇన్‌స్టాల్ చేసుకోమని అడిగిన యాప్‌ని మాత్రం ఆ క్షణమే తీసేస్తాను. కంపెనీ యాప్ సొరంగానికి సాధారణంగా దాంతో పనిలేదు, హెచ్‌టీటీపీఎస్ తాళం తీసి లోపల చూడాలనుకునేవాళ్లకే దాంతో పని. ఆఫీసు ఫోన్‌లో ఆఫీసువాళ్లు పెడితే అది వేరే సంగతి.

సొంత సర్వర్ పెట్టుకుంటే ఈ నమ్మకాల గొడవ ఉండదని అనుకుంటారు. సగం నిజం. కంపెనీ సర్వర్‌లో ఒక ఐపీ అడ్రస్ వెనక వందలమంది కలిసిపోతారు. మీ సొంత సర్వర్ అడ్రస్ వెనక ఉండేది మీరొక్కరే. ఇంటికి చేరడానికి భేషుగ్గా ఉంటుంది, గుంపులో కలిసిపోవడానికి పనికిరాదు. ఇక గూగుల్ ఖాతాలో లాగిన్ అయి, లొకేషన్ ఆన్‌లో పెట్టుకుని, ఐపీ దాచుకున్నాను కదా అనుకోవడం దుప్పటి కప్పుకుని పేరు గట్టిగా చెప్పుకున్నట్టు.

పెట్టాక పరీక్షించడం అయిదు నిమిషాల పని. వీపీఎన్ ఆపి ఐపీ చూపించే సైట్‌లో మీ ఐపీవీ4, ఐపీవీ6 అడ్రసులు రాసుకోండి, ఆన్ చేసి మళ్లీ చూడండి. రెండూ మారాలి, లేదా రెండోది అసలు కనిపించకూడదు. డీఎన్ఎస్ లీక్ టెస్టు చేసే సైట్‌లో మీ సిమ్ కంపెనీ పేరు ఇంకా వస్తుంటే డీఎన్ఎస్ ప్రశ్నలు బయటనుంచి పోతున్నట్టే. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ఎప్పుడో ఏదైనా పెట్టి మరిచిపోయారేమో కూడా చూసుకోండి. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారి ఇదే మళ్లీ చేయండి, ఎందుకంటే ఒక దాంట్లో బాగున్నది ఇంకోదాంట్లో లీకవుతుంది. ఇవన్నీ యాప్ పెట్టినప్పుడే కాదు, తీసేసినప్పుడు కూడా. మొన్నామధ్య ఒక స్నేహితుడు ఫోన్ పట్టుకొచ్చాడు. ఇంట్లో వైఫై ఫుల్‌గా ఉంది, చాట్ మెసేజ్‌లు వస్తున్నాయి, బ్రౌజర్‌లో మాత్రం ఒక్క పేజీ రావట్లేదు, మొబైల్ డేటా పెడితే అన్నీ వస్తున్నాయి. రౌటర్ మార్చేద్దామా అని అడిగాడు. వైఫై పేరు నొక్కి అడ్వాన్స్‌డ్ తెరిచాను. ప్రాక్సీ మాన్యువల్, పోర్టు 8080. ఎప్పుడో ఏదో యాప్ చెప్పిందని పెట్టాడట, యాప్ తీసేసి నెలలయింది, ఈ వరస మాత్రం అలాగే ఉండిపోయింది. ఏదీ వద్దు అని మార్చి సేవ్ నొక్కాను, పేజీ వచ్చేసింది. రౌటర్ పెట్టె అప్పటికే ఆర్డర్ చేశానని తర్వాత చెప్పాడు.